ఎర్ర గీత ఎవరి కోసం?

ఆంధ్రప్రదేశ్ ఔషధ నియంత్రణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,



శ్రీకాకుళం జిల్లాలో ఒక సర్కారు ఆసుపత్రి మందుల కిటికీ వెనక ముప్పయ్యేళ్ళకు పైగా నిలబడి రిటైరైన ఫార్మసిస్టుని నేను. మీ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వచ్చిన ప్రతిసారీ రిజిస్టర్లు తెరిచి చూపించినవాణ్ణి. ఈ ఉత్తరంలో ఫిర్యాదు ఉంది, నా తప్పు ఒప్పుకోలు కూడా కొంత ఉంది. రెండూ విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

పోయిన వేసవిలో మా పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడకి అరవై దాటాయి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి జీడిపిక్కలు కొట్టే పనే. పొద్దుట కూర్చుంటే సాయంత్రం లేవడం, అందుకని నడుమూ మోకాళ్ళూ ఎప్పుడో అరిగిపోయాయి. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒంటేలుకి పోలేదని కోడలు చెప్పింది. ఏం మందులు వాడుతున్నావు పిన్నీ అంటే, తలగడ కింద నుంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసి నా ముందు పెట్టింది.

"పచ్చది నడుముకి, తెల్లది పంటికి, నారింజది జొరానికి. దేనిది దానికే ఏసుకున్నాను నాయనా, ఒకదానికొకటి కలపలేదు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో జాగ్రత్తగా ఉన్న మనిషి గర్వం కనబడింది.

పచ్చ మాత్రలో అసెక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325. ఊళ్ళోని ఆర్.ఎం.పి. ఇచ్చినది. తెల్ల దానిలో డైక్లోఫెనాక్ 50, మళ్ళీ పారాసెటమాల్ 325. రెండేళ్ళ కిందట పళ్ళ డాక్టరు ఐదు రోజులకు రాస్తే, ఆ ఖాళీ షీటు చూపించి ఇప్పటికీ కొంటోంది. నారింజ దానిలో ఐబుప్రోఫెన్ 400, ఇంకోసారి పారాసెటమాల్ 325. మూడూ రోజుకి రెండేసి. ఇవి చాలవన్నట్టు జ్వరం తగ్గలేదని పారాసెటమాల్ 650 మూడు పూటలా. వీటితో పాటు బీపీకి టెల్మిసార్టాన్, దానిలోనే కలిసిన నీళ్ళ మాత్ర. అదొక్కటే నిజంగా ఒక డాక్టరు చూసి రాసిన మందు.

లెక్క చూడండి. అసెక్లోఫెనాక్‌కి రోజు హద్దు 200 మిల్లీగ్రాములు, ఆవిడ సరిగ్గా 200 వేసుకుంది. డైక్లోఫెనాక్‌కి 150, ఆవిడ వేసుకున్నది 100. ఐబుప్రోఫెన్ డాక్టరుతో పని లేకుండా వాడుకునే హద్దు 1200, ఆవిడది 800. పారాసెటమాల్ మొత్తం కలిపి 3900, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి చెప్పే 4000కి ఒక్క వంద తక్కువ. అంటే ఏ మందుకి ఆ మందు విడిగా చూస్తే మా పిన్ని ఒక్క గీత కూడా దాటలేదు. మోతాదు లెక్కన అయితే అమ్మిన ఏ షాపువాడూ దోషి కాడు. కానీ అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒకే తల్లి పిల్లలు. రంగులు వేరు, పేర్లు వేరు, శరీరంలో చేసే పని ఒకటే. నలభై అయిదు కిలోలు కూడా లేని, రెండు రోజులుగా మెతుకు ముట్టని మనిషి ఒంట్లోకి అవి మూడూ ఒకేసారి దిగాయి.

ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి క్రియాటినిన్ ఆరు దాటింది. సెలైన్లు ఎక్కించి, డబ్బాలోవన్నీ ఆపించి, రెండుసార్లు డయాలసిస్ చేస్తే బతికింది. మునుపటి కిడ్నీ మాత్రం మళ్ళీ రాలేదు.

ఓవర్‌డోస్ అనగానే పేపర్లో వచ్చే వార్తే అందరికీ గుర్తొస్తుంది: గుప్పెడు మాత్రలు ఒక్కసారి మింగడం, గొంతులోకి గొట్టం, ఐసీయూ. ఆ మాటా తర్వాత చెప్తాను. కౌంటర్ మీద నుంచి నాలుగేసి మాత్రల చొప్పున, నెలల తరబడి, ఎవరూ మోతాదు దాటకుండా జరిగిపోయే ఓవర్‌డోస్ ఎన్నో రెట్లు ఎక్కువని నేననుకుంటాను. దాన్ని మనం ఏ రిజిస్టర్లోనూ రాయం.

ఈ మందులు ఎలా పనిచేస్తాయన్నది మీకు తెలుసు. ఈ ఉత్తరం మీ ఒక్కరి కోసమే కాదు గనుక రెండు ముక్కలు చెప్తాను. ఆస్పిరిన్ పుట్టింది 1897లో. అది నొప్పి ఎలా తగ్గిస్తుందో తేలడానికి ఇంకో 74 ఏళ్ళు పట్టింది. 1971లో జాన్ వేన్ అనే ఆంగ్లేయుడు ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారు కాకుండా ఆపుతాయని చూపించాడు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకడు. చిక్కల్లా ఆ ప్రోస్టాగ్లాండిన్ల దగ్గరే ఉంది. దెబ్బ తగిలిన చోట నొప్పినీ వాపునీ పెంచేవి అవే. కడుపు లోపలి పొరకి జిగురు పూసి ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీకి రక్తం తగ్గకుండా చూసేవీ కూడా అవే. మోకాలు కోసం వేసుకున్న మాత్ర మోకాలి దగ్గరే ఆగదు. ఒళ్ళంతా తిరిగి ప్రతి చోటా వాటిని ఆపేస్తుంది.

కిడ్నీ సంగతి నేను మా ఊరి రైతులకి చెప్పే తీరులో చెప్తాను. కిడ్నీని ఒక మడి అనుకోండి. కాలవ నుంచి మడిలోకి నీరు రావడానికి ఒక తూము, బయటికి పోయే చోట ఒక అడ్డుపలక. కాలవలో నీరు తగ్గిన రోజున తూము ఇంకాస్త ఎత్తి మడి ఎండకుండా చూసే పాలేరు ప్రోస్టాగ్లాండిన్. నొప్పి మాత్ర ఆ పాలేరుని ఇంటికి పంపేస్తుంది. కాలవ నిండుగా ఉన్నప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే ఇరవయ్యేళ్ళ కుర్రాడు పంటి నొప్పికి మూడు రోజులు వేసుకుంటే ఏమీ కాదు. మా పిన్నికి మే నెల ఎండ, వాంతులు, విరేచనాలు కలిసి కాలవని ఎండగట్టాయి. నీళ్ళ మాత్ర ఉన్న కాస్త నీటినీ తోడేసింది. టెల్మిసార్టాన్ అవతలి అడ్డుపలకని వదులు చేసింది, మామూలు రోజుల్లో అది మంచి పనే. సరిగ్గా ఆ పూట పాలేరు కూడా లేడు.

బీపీ మందు, నీళ్ళ మాత్ర, నొప్పి మాత్ర. ఈ మూడూ ఒక మనిషి ఒంట్లో కలిస్తే కిడ్నీకి ముప్పని వైద్య పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. మన రాష్ట్రంలో బీపీ మాత్ర వేసుకోని పెద్దవాళ్ళు వీధికి ఎంతమంది ఉంటారు?

ఇక్కడ రెండు నమ్మకాల గురించి చెప్పి తీరాలి. కిటికీ దగ్గర అవి వినీ వినీ నా చెవులు తడకలు కట్టాయి. అన్నం తినే వేసుకున్నాను కదా, ఏం కాదులే అన్నది ఒకటి. మాత్ర నేరుగా కడుపుని గీకడం ఒక భాగమే. రక్తంలో కలిశాక వచ్చే దెబ్బే పెద్దది. అందుకే సూది వేయించుకున్నవాళ్ళకీ పుండ్లు పడతాయి, విరేచనం తారులా నల్లగా వస్తుంది. గ్యాస్ మాత్ర కూడా ఇచ్చారు కదా అన్నది రెండోది. గ్యాస్ మాత్ర కడుపుని కొంత కాపాడుతుంది, నిజమే. కిడ్నీకి దానితో ఏ సంబంధమూ లేదు. పైగా కడుపు మండకపోవడంతో మనిషి ధైర్యంగా ఇంకో పది రోజులు వాడతాడు. మంట కనీసం హెచ్చరిక చేసేది, దాన్నీ మనం ఆర్పేశాం.

నేను ఉద్దానం పక్కన ఉద్యోగం చేసినవాణ్ణి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు అనగానే రాష్ట్రమంతా కిడ్నీలనే తలుచుకుంటుంది. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచింది కూడా అందుకే. ఉద్దానం జబ్బుకి నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు. నీటిని అనుమానించారు, ఎండలో చెమటోడ్చే పనిని అనుమానించారు, ఇంకా చాలా వాటిని అనుమానించారు. ఇదీ అని ఖాయంగా తేలలేదు. నొప్పి మాత్రలు కూడా ఆ అనుమానితుల వరసలో ఉన్నాయి. నేను అడిగేది చాలా చిన్న విషయం: ఒక ప్రాంతంలో ఏదో తెలియని కారణంతో కిడ్నీలు పోతున్నాయని తెలిశాక, కిడ్నీకి చెడు చేస్తుందని బాగా తెలిసిన మందుని అదే ప్రాంతంలో అడిగినవాళ్ళకి అడిగినన్ని అమ్మడం ఏ రకం వివేకం? ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల సంగతీ ఇదే.

నా మాటకి ఒక కూలీ ఆవిడ ఇచ్చిన జవాబు మాత్రం మరిచిపోలేను. కిడ్నీ చీటీ చేత్తో పట్టుకునే డైక్లోఫెనాక్ అడిగింది. ఇవ్వనన్నాను. "ఏటి సేత్తాం బాబూ, మాత్ర ఏసుకోకపోతే సేనుకెళ్ళలేం, సేనుకెళ్ళకపోతే పొయ్యి రాజదు" అంది. నొప్పి అబద్ధం కాదు. నొప్పి మాత్రని తిట్టేవాళ్ళలో చాలామంది రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళే. ఆర్.ఎం.పి.లని తిట్టడం కూడా అంతే తేలిక, రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది అతనొక్కడే. పారాసెటమాల్ సరైన మోతాదులో, పైపూత మందు, కాపడం, నాలుగు రోజుల విశ్రాంతి వంటివి ముందు చూడొచ్చని చెప్పే మనిషి కౌంటర్ దగ్గర లేకపోవడం అసలు లోటు. పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. ఈ ఒక్క ముక్క చెప్పినా ఎందరో మాత్ర మానేస్తారు.

ఇప్పుడు గుప్పెడు మింగేవాళ్ళ సంగతి. నా కిటికీ వెనక నుంచి అలాంటివాళ్ళనీ చూశాను, ఎక్కువమంది చదువుకునే పిల్లలే. ఈ జాతి మందుల్లో ఐబుప్రోఫెన్ వంటివి ఒకసారి ఎక్కువైతే చాలామందిలో వాంతులు, కడుపునొప్పి, మత్తుతో గడిచిపోతుంది, కొందరిలో మాత్రం పరిస్థితి విషమిస్తుంది. నెలసరి నొప్పికి ఇంటింటా వాడే మెఫెనమిక్ ఆసిడ్ మోతాదు మించితే మూర్ఛలు తెప్పిస్తుంది. వీటికి విరుగుడు మందు లేదు, డయాలసిస్‌తో కడిగేద్దామన్నా ఇవి రక్తంలోని ప్రోటీన్లని పట్టుకుని ఉండి బయటికి రావు. అసలు మోసం ఈ మాత్రల్లో కలిసి ఉన్న పారాసెటమాల్‌లో ఉంది. మింగిన రోజు మనిషి మామూలుగానే ఉంటాడు, గండం గడిచిందని ఇంటికి తీసుకుపోతారు, రెండో మూడో రోజుకి కాలేయం దెబ్బతింటుంది. దానికి మాత్రం మంచి విరుగుడు ఉంది. ఎసిటైల్‌సిస్టీన్ మొదటి ఎనిమిది గంటల్లో పడితే బాగా కాపాడుతుంది. కాబట్టి బాగానే ఉన్నాడు కదా అని ఒక్క పూట కూడా ఆగకూడదు. మాత్రల షీటుతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. మనసు కుంగి అలాంటి ఆలోచన వస్తున్నవాళ్ళు 14416కి ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు అది, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక రాబందుల సంగతికి వస్తాను. మందుల ఉత్తరంలో రాబందులేమిటని మీరు అనుకోరు, వాటి కోసం నొప్పి మందుల్ని ఆపిన ఫైళ్ళు మీ శాఖ గుండానే నడిచాయి కదా.

నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే గంటలో రాబందులు గుంపుగా దిగేవి. నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి ఒక్కటీ కనబడలేదు. ఎవరో విషం పెట్టారని కొందరు, అంటురోగమని కొందరు అన్నారు. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులని కోసి చూసిన పరిశోధకులకి లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆసిడ్ పేరుకుని కనిపించింది. కిడ్నీలు పోయాయి. చంపింది డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. కుంటుతున్న ఎద్దుకి రైతు సూది వేయించాడు, ఎద్దు చచ్చింది, దాన్ని తిన్న పక్షి కిడ్నీలు ఆగిపోయాయి. వంద కళేబరాల్లో ఒక్కదానిలో కూడా ఈ మందు ఉండనక్కర్లేదు, అంతకన్నా తక్కువ ఉన్నా జాతి మొత్తం తుడిచిపెట్టుకు పోతుందని లెక్క తేల్చారు.

ఆ తర్వాత మన ప్రభుత్వాలు చేసిన పని చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది. 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీ ఆపించారు. మనుషుల మందు పెద్ద సీసాల్లో కొని పశువులకి పొడుస్తున్నారని గమనించి, 2015లో మనుషుల సూది మందుని కూడా మూడు మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకి కుదించారు. 2023లో పశువులకి కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్ నిషేధించారు. 2024 డిసెంబరులో నిమెసులైడ్. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాబందుల్ని పెంచే కేంద్రం పెట్టారు. ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీది గూళ్ళకి అటవీశాఖ కాపలా కాసింది. ఒక పక్షి కిడ్నీ కోసం సీసా ఎంత ఉండాలో కూడా చట్టం కొలిచి చెప్పింది!

రాబందు ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు, దానికి చాలా కొద్ది మందే ప్రాణాంతకం. అది నాకు తెలుసు. అయినా మనుషుల విషయంలో ఆ కొలత ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. నిమెసులైడ్‌నే తీసుకోండి. కాలేయానికి ముప్పని స్పెయిన్, ఫిన్లాండ్ 2002లోనే పక్కన పెట్టాయి. అమెరికా ఎన్నడూ రానివ్వలేదు. మనం 2011లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వద్దన్నాం, 2025 డిసెంబరుకి గానీ 100 మిల్లీగ్రాములు మించిన మాత్రలని ఆపలేదు. 2024 ఆగస్టులో కేంద్రం 156 కలగలుపు మందుల్ని నిషేధిస్తే అందులో అసెక్లోఫెనాక్ 50, పారాసెటమాల్ 125 కలిపిన మాత్ర ఒకటి. మంచిదే. మా పిన్ని డబ్బాలోవి అందులో లేవు.

మన చట్టంలో మనిషికి రక్షణ లేదని కాదు. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందులు. షీటుకి ఎడమ పక్క నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇచ్చే చెయ్యి రిజిస్టరైన ఫార్మసిస్టుది కావాలి. వాస్తవంలో సర్టిఫికెట్టు గోడకి వేలాడుతుంటుంది, కౌంటర్‌లో పదో తరగతి తప్పిన కుర్రాడు ఉంటాడు. అతను కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరిస్తాడు. పేరు ఉన్న ముక్క, తేదీ ఉన్న ముక్క, ఎర్ర గీత ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతాయి. కొన్నవాళ్ళ చేతికి వెండి రేకులో నాలుగు రంగు బిళ్ళలు వస్తాయి. అందుకే మా పిన్నికి మందులకి పేర్లు లేవు, రంగులే ఉన్నాయి. 2023 ఆగస్టు నుంచి పేరున్న మూడు వందల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలన్నారు. కత్తిరించిన ముక్క మీద అదీ ఉండదు, ఉన్నా ఆవిడది బటన్ ఫోను.

నా వంతు ఇప్పుడు చెప్తాను. నేనూ అంతే చేశాను. కిటికీ ముందు రెండు వందల మంది వరస, ఒక్కొక్కరికి అర నిమిషం. డైక్లోఫెనాక్ పది, గ్యాస్ మాత్ర పది, పొట్లం కట్టు, తర్వాత ఎవరు. బీపీ ఉందా, షుగరు ఉందా, ఇంకేం వాడుతున్నావు అని ఎన్నడో తప్ప అడగలేదు. కడుపుతో ఉన్న అమ్మాయికి అయిదో నెల దాటాక ఈ మందులు బిడ్డ కిడ్నీలకీ ఉమ్మనీటికీ చేటని చదివి కూడా, నొప్పుల పొట్లం కట్టేటప్పుడు ఎన్నో నెల అమ్మా అని అడగడం నాకు అలవాటు కాలేదు. డెంగ్యూ రోజుల్లో ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయనీ, జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఏదీ వద్దనీ సర్క్యులర్ వస్తే గోడకి అంటించాను. ఆ గోడ లోపలి గోడ.

మిమ్మల్ని నిషేధాలు అడగడం లేదు. నొప్పి ఉన్నన్నాళ్ళూ ఈ మందులు కావాలి, సరైన మనిషికి సరైన రోజుల పాటు ఇవి వరమే. మీ చేతుల్లో ఇప్పటికే ఉన్న అధికారంతో అయ్యే పనులు కొన్ని అడుగుతాను.

షీటు కత్తిరించి అమ్మినప్పుడు మందు పేరు, రోజుకి ఎన్ని, ఎన్నాళ్ళు అన్నది కవరు మీద తెలుగులో రాయకుండా ఇవ్వకూడదని షాపులన్నిటికీ ఒక ఆదేశం పంపండి. నొప్పి మందు అయితే కవరు మీద ఒక ముద్ర ఉండాలి: "ఇది నొప్పి మందు. ఇంకో నొప్పి మందుతో కలపవద్దు." రబ్బరు స్టాంపు ఖరీదెంత? మా పిన్ని ఎక్కువ చదవలేకపోయినా మూడు కవర్ల మీదా ఒకే ముద్ర ఉంటే పోల్చుకునేది. రంగుల్ని పోల్చినదానికి ముద్ర ఒక లెక్కా!

మీ ఇన్‌స్పెక్టర్లు నిద్రమాత్రల బిల్లులు అడిగినంత పట్టుగా నొప్పి మందుల బిల్లులు అడగరు. 2013లో వచ్చిన షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని యాంటీబయాటిక్‌లకీ, నిద్రమాత్రలకీ రోగి పేరు, డాక్టరు పేరు రాసి మూడేళ్ళు దాచాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులకి ఆ నియమం లేదు. దాన్ని మార్చడం కేంద్రం పని, నాకు తెలుసు. కానీ ఉద్దానం మండలాల్లో, ఎ.కొండూరులో ఒక్క ఏడాది పాటు ఏ షాపు నెలకి ఎన్ని డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ మాత్రలు తెప్పించిందో హోల్‌సేల్ బిల్లుల నుంచి లెక్క కట్టడం మీ పని. ఆ లెక్క ఈ రోజు ఎవరి దగ్గరా లేదనుకుంటాను. అది చేతిలో ఉంటే ఢిల్లీకి మీరు రాసే ఉత్తరానికి బరువుంటుంది. లెక్క కట్టి చిన్న హద్దు పెడితే ఫలితం ఉంటుందనడానికి ఇంగ్లండ్ ఉంది. 1998లో అక్కడ పారాసెటమాల్, ఆస్పిరిన్ ప్యాకెట్లని మందుల షాపులో 32 మాత్రలకి, కిరాణా కొట్టులో 16కి కుదించారు. తర్వాతి పదకొండేళ్ళలో పారాసెటమాల్ మింగి చనిపోయేవారు 43 శాతం తగ్గినట్టు లెక్క తేలింది.

సంతల్లో, బస్టాండుల్లో "కీళ్ళ నొప్పులు మూడు రోజుల్లో మాయం" అని అమ్మే పొడులూ నల్ల మాత్రలూ కూడా నాలుగు తెప్పించి మీ ప్రయోగశాలలో పరీక్షించండి. మూడు రోజుల్లో మాయం చేసే పసరేదీ నా ఎరుకలో లేదు. అలా మాయమైందంటే అందులో స్టెరాయిడో, డైక్లోఫెనాకో పడి ఉంటుందని అనుమానించాలి. కీళ్ళవాతం నయం చేస్తామని ప్రకటించడమే 1954 చట్టం ప్రకారం నేరం.

ఇక కౌంటర్ దగ్గరి ఫార్మసిస్టులకి, నా తోటివాళ్ళకి మీ ద్వారా ఒక మాట. నొప్పి మాత్ర చేతిలో పెట్టే ముందు ఇంట్లో ఇంకే నొప్పి మాత్రలు ఉన్నాయో అడగండి, బీపీ, షుగరు, కిడ్నీ మందులు వాడుతున్నారా అడగండి, ఆడపిల్లయితే కడుపుతో ఉందా అడగండి. వాంతులో విరేచనాలో ఉన్నప్పుడు మానేయమని చెప్పండి. గడియారం పెట్టి చూశాను, ఇదంతా నలభై సెకన్లు.

మా పిన్ని ఇప్పుడు జీడిపిక్కల పనికి వెళ్ళడం లేదు. మూడు నెలలకోసారి రక్త పరీక్ష. నడుము నొప్పి అలాగే ఉంది, కాపడం పెట్టుకుంటోంది. ఆ రేకు డబ్బా నా దగ్గరే ఉంది. అందులోని పచ్చ, తెల్ల మాత్రల షీట్ల మీద ఎర్ర గీత ఉండాలి. నేను ఎంత వెతికినా కనబడలేదు, కత్తెర దాన్ని షాపులోనే వదిలేసింది. మీ ఇన్‌స్పెక్టరు ఎవరైనా వస్తే డబ్బా తీసి చూపిస్తాను.

ఇట్లు,
ఉద్దానం దాపున ఉండే ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు